‘వస్తాడు’ అన్నారా, ‘వస్తాడా’ అన్నారా?

“సార్, మీ గొంతు వినపడ్తా ఉంది గానీ, ఏం చెప్తా ఉండారో తెలీలా.”

మదనపల్లె దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో, పదో తరగతి గదిలో తల్లిదండ్రుల సమావేశం. ముప్ఫై అయిదు మంది దాకా బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. రాలేనివాళ్ళు ముగ్గురు ఫోన్లలో కలిశారు. పుంగనూరులో అంగడి వదిలి రాలేని ఒకామె, కుప్పంలో తల్లికి ఒంట్లో బాగాలేక అక్కడే ఉండిపోయిన ఇంకొకామె, కువైట్‌లో డ్రైవరు పని చేసే ఒక తండ్రి. పై మాట ఆ తండ్రిది. ఇక్కడ సాయంత్రం నాలుగంటే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. అన్నం తినే గంటలో కొడుకు కోసం ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

నెట్ బాగుంది. తెర మీద ఆయన ముఖం అద్దంలో కనబడినట్టు కనబడుతోంది. లెక్కల అయివారు అడిగింది చిన్న ప్రశ్న: “మీవాడు సాయంత్రం స్పెషల్ క్లాసుకు వస్తాడా?” ఆయనకు చేరింది ‘వస్తాడు’ అని. “చానా సంతోషం సార్” అన్నాడు. గదిలో అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. అయివారు మళ్ళీ అడిగారు, ఇంకా గట్టిగా. గట్టిగా అడిగేకొద్దీ ఆయనకు మాట మరింత కలగాపులగం అయింది.

ఆ పొరపాటు ఆయనది కాదు, నెట్‌దీ కాదు. గదిది. మనం మాత్రం ముందు ‘సిగ్నల్ లేదు’ అంటాం, తర్వాత మంచి కెమెరా కొందామంటాం. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ రోజు నుంచి ఈ గది సంగతి పట్టుకుని కూర్చున్నాను. ఇలాంటి సమావేశానికి డబ్బు, శ్రమ, బుర్ర ఏది పెట్టినా ముందు మాట మీద పెట్టాలి. బొమ్మ సంగతి తర్వాత.

తెలుగువాళ్ళకు ఇది మరీ అవసరం. మన వాక్యం చేసే పనంతా చివర్లోనే చేస్తుంది. వస్తాడు, వస్తారు, వస్తాడా, వస్తాడట, వస్తాడేమో. వచ్చేది ఎవరు, ఎంత మర్యాద, ప్రశ్నా అనుమానమా, ఎవరో చెప్పిన కబురా, ఇదంతా తోకలో ఉంటుంది. పైగా మనం వాక్యం గట్టిగా ఎత్తుకుని మెల్లగా దించుతాం. అర్థం ఎక్కడ ఉందో గొంతు అక్కడే తగ్గుతుంది. ముందు పలికిన ‘వస్తా’ అనే గట్టి అక్షరాలు గోడల మధ్య ఇంకా మోగుతుండగానే మెల్లని ‘డా’ వచ్చి ఆ మోతలో మునిగిపోతుంది. సెకనుకు అయిదారు అక్షరాలు పలుకుతామనుకుంటే, ఒక సెకను పాటు మోగే గదిలో ప్రతి అక్షరం మీదా ముందు పలికిన అయిదారు అక్షరాల నీడ పడుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ప్రతినాదం అంటాం. రచ్చబండ దగ్గర చెట్టు కింద ఈ బాధ లేదు. అక్కడ పోయిన మాట తిరిగి రాదు.

ఈ మోతను మొదట కొలిచినవాడు కూడా ఒక తరగతి గది కోసమే కొలిచాడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని, దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ ఒక శబ్దం పూర్తిగా చావడానికి అయిదున్నర సెకన్లు పట్టేది. ఆయన దగ్గర ఉన్నవి ఒక ఆర్గన్ గొట్టం, కాలం కొలిచే పరికరం, తన చెవి. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఒక్కో వరుస పరుస్తూ మోత ఎంత తగ్గుతోందో అర్ధరాత్రి దాటాక కొలిచేవాడు. తెల్లారేలోగా ఆ మెత్తలు మళ్ళీ వాటి చోట్లో ఉండాలి. పగలు పిల్లలు, సాయంత్రం మీటింగు అని గదిని పంచుకునే మా బోటివాళ్ళకు ఈ కథ వింటే సొంత మనిషి కథ విన్నట్టు ఉంటుంది.

సబైన్ తేల్చిన సూత్రం చాలా తేలిక. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలో శబ్దాన్ని మింగే మొత్తం వైశాల్యంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది. మా గది పొడవు 9 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3.3. అంటే 178 ఘనపు మీటర్లు. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద కడప బండలు. ఇవన్నీ తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండో మూడో పాళ్ళు మాత్రమే మింగి మిగతాది వెనక్కి కొడతాయి. గోడలూ నేలా స్లాబూ కలిపి 207 చదరపు మీటర్లున్నా, మింగే వైశాల్యం ఆరుకు మించదు. లెక్కకు ఖాళీ గది నాలుగున్నర సెకన్ల పైన మోగుతుంది. మనిషి మంచి మెత్త. బట్టలతో కూర్చున్న ఒక్కో మనిషి అర చదరపు మీటరుకు కాస్త తక్కువగా మింగుతాడు. ముప్ఫై అయిదు మంది వస్తే మోత 1.3 సెకన్లకు దిగుతుంది. మీటరుంపావు కిటికీలు నాలుగు బార్లా తెరిస్తే ఒక సెకను. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి సబైన్ దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాడు: ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ అంటే నూటికి నూరు పాళ్ళు మింగే ఒక చదరపు మీటరు. ఇంత గదికి అమెరికా ప్రమాణం చెప్పే హద్దు 0.6 సెకన్లు. మనం ఇంకా దూరంలోనే ఉన్నాం.

అయితే రోడ్డు వైపు కిటికీ తెరిస్తే టమోటా లారీల హారన్లు లోపలికొస్తాయి. మేము మైదానం వైపువి తెరిచి, రోడ్డు వైపువి మూసి, వాటి ముందు దుప్పట్లు కడతాం.

దుప్పటి కట్టడంలో ఒక కిటుకుంది. గోడకు అంటించి కడితే సగం ఫలితం పోతుంది. శబ్దం అంటే గాలి ముందుకూ వెనక్కూ ఊగడం. గోడను ఆనుకున్న గాలి ఊగలేదు, గోడ అడ్డం. ఊగని గాలిని బట్ట ఏం పట్టుకుంటుంది? ఊపు ఎక్కువుండేది గోడ నుంచి తరంగ దైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో. వెయ్యి హెర్ట్జ్ శబ్దానికి తరంగ దైర్ఘ్యం 34 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు ఎనిమిదిన్నర. అందుకే గోడకు బెత్తెడు ఎడంగా తాడు కట్టి, మందపాటి దుప్పటిని కుచ్చులు కుచ్చులుగా వేలాడదీయాలి. నేల మీద జంపఖానా పరిస్తే సన్నని హెచ్చు స్వరాలు తగ్గుతాయి, కాళ్ళ చప్పుడు తగ్గుతుంది, అంతవరకే. మధ్యాహ్న భోజనం గుడ్ల అట్టలు గోడకు కొట్టినవాళ్ళనూ చూశాను. పల్చని అట్ట మాట మోతను పెద్దగా మింగదు. పిల్లల చేత వాటికి రంగులు వేయిస్తే అంతకన్నా మంచి ఉపయోగం.

గదిలో ఉన్నవాళ్ళకు ఈ మోత ఎందుకు తెలియదు? మనకు రెండు చెవులున్నాయి, వాటి వెనక మెదడు ఉంది. సూటిగా వచ్చిన మాటను పట్టుకుని, ముప్ఫై నలభై మిల్లీసెకన్ల లోపు గోడల నుంచి వచ్చే నకళ్ళను మెదడు అందులోనే కలిపేసుకుంటుంది. 1949లో హెల్ముట్ హాస్ దీన్ని వివరంగా కొలిచాడు. ల్యాప్‌టాప్ మైకుకు ఆ తెలివి లేదు. దానికి గోడ మాటా, మనిషి మాటా ఒకటే. కాబట్టి గదిలో నిలబడి ‘బాగానే వినపడుతోంది’ అనడం చెల్లదు. ఆ మాట అనవలసింది కువైట్‌లో ఉన్నాయన.

మైకు ఎంత దగ్గరుండాలో కూడా లెక్క చెబుతుంది. మాట్లాడే మనిషి నుంచి దూరం పోయేకొద్దీ సూటి మాట పల్చబడుతుంది, గది మోత మాత్రం ఎక్కడ నిలబడ్డా ఇంచుమించు అంతే ఉంటుంది. రెండూ సమానమయ్యే హద్దు మా గదిలో, మనుషులు నిండి ఉన్నప్పుడు, 67 సెంటీమీటర్లు. అంటే మూరన్నర. ఆ హద్దు దాటిన మైకు మనిషిని కాదు, గదిని వింటుంది. మా ల్యాప్‌టాప్ అయివారికి మూడు మీటర్ల దూరంలో ఉంది. అదే మైకును 30 సెంటీమీటర్లకు తెస్తే సూటిగా చేరే శక్తి వంద రెట్లవుతుంది. ఎంత ఖరీదైన యంత్రమూ ఈ వంద రెట్లకు సాటి రాదు. వైరుతో చొక్కాకు పెట్టుకునే కాలర్ మైకు చాలు. ఫ్యాను గాలి తగిలితే బుసబుసమంటుంది కాబట్టి దానికి చిన్న స్పాంజి తొడుగు ఉండాలి. డిసెంబరు చలిలో ఫ్యానే కట్టేస్తే ఇంకా మేలు, మదనపల్లెకు ఆ అదృష్టం ఉంది.

అయివారి సంగతి అలా తీరుతుంది. మరి బెంచీల మీది తల్లుల మాట? “నాకు మైకు వద్దు సార్, నా గొంతు పెద్దదే” అంటారు. నిజంగానే పెద్దది. కానీ ఆ గొంతు ముందు బెంచీ దాకే, కుప్పం దాకా కాదు. వాళ్ళు అడిగింది అయివారు తిరిగి చెప్తే సరిపోతుందని కొందరంటారు. నాకది నచ్చదు. ఒక తల్లి తన బిడ్డ గురించి అడిగే మాట ఆమె గొంతుతోనే పోవాలి. మేము రెండో మైకును వైరుతో బెంచీల మధ్య తిప్పుతాం. ఒక పిల్లవాడు పట్టుకుని పక్కన నిలబడతాడు. వెనక వైపు చెవుడున్న రకం మైకైతే దాని వీపు స్పీకరు వైపు తిప్పుతాం. బెంచీ మీద పెట్టవలసి వస్తే కింద తువ్వాలు మడతపెట్టి వేస్తాం. లేకపోతే వేలితో చెక్క మీద తట్టినా అవతల డప్పు కొట్టినట్టు ఉంటుంది.

ఇక ‘నా మాట నాకే తిరిగి వినపడ్తా ఉంది’ అనే ఫిర్యాదు. ఇది వచ్చినప్పుడు చాలామంది ఆ చెప్పినవాళ్ళ ఫోనును తప్పు పడతారు. తప్పు ఎప్పుడూ అవతలి గదిది. పుంగనూరు ఆమె మాట మా స్పీకరులోంచి వచ్చి, గోడలకు కొట్టుకుని, మా మైకులో దూరి, మళ్ళీ ఆమె దగ్గరికి పోతోందన్నమాట. దీన్ని ఆపే గణితం ప్రతి మీటింగ్ యాప్‌లోనూ ఉంటుంది. తన స్పీకరు ఏం పలికిందో యంత్రానికి తెలుసు. ఆ శబ్దం ఈ గదిలో తిరిగి మైకుకు ఏ రూపంలో చేరుతుందో అది ఊహించి, క్షణక్షణం సరిదిద్దుకుంటూ, మైకు విన్నదాంట్లోంచి తీసేస్తుంది. 1960ల్లో బెల్ ప్రయోగశాలల్లో ఈ పద్ధతిని రూపొందించినవారిలో మన్ మోహన్ సోంధీ ముఖ్యుడు. ఆయన 1967 నాటి పత్రం ఈ రంగానికి పునాదిరాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో చదువుకున్న మనిషి. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ళ చేతుల్లోని ప్రతి ఫోనులోనూ ఆయన ఆలోచన నడుస్తోంది.

ఈ గణితం ఎక్కడ చతికిలబడుతుందో తెలిస్తే సగం గొడవలు తీరతాయి. యంత్రానికి తెలిసింది తన స్పీకరు సంగతి మాత్రమే. అదే గదిలో ఇంకో ఫోను కూడా మీటింగులో చేరి, దాని స్పీకరు మోగుతుంటే, ఆ శబ్దం దీనికి పరాయిది, తీసేయలేదు. ఒకటి పలికింది ఇంకొకటి విని, అది పలికింది ఇది విని, చివరికి చెవులు చిల్లులు పడే కీచుమోత. కాబట్టి ఒక గదికి ఒకే స్పీకరు. రెండో ఫోను కావాలంటే మైకు ఆపితే చాలదు, దాని స్పీకరు కూడా ఆపాలి. బ్లూటూత్ స్పీకరు మోజు వద్దు. అది మాటను కొంచెం ఆలస్యం చేసి పలుకుతుంది, యంత్రం ఊహ తప్పుతుంది. వైరుతో ఉన్నదే పెట్టండి. మీటింగు మధ్యలో స్పీకరును జరిపినా యంత్రం గది పాఠం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

ఆలస్యం ఇంకో రకంగానూ మనుషులను బాధపెడుతుంది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనంలో, ఒకరు మాట ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు అని తేలింది. తెలుగు అందులో లేదు గానీ, మనం అంతకన్నా ఆగేవాళ్ళం కాదని నా నమ్మకం. మాట ఆలస్యానికి మన చిత్తూరు సీమలోనే మంచి ఉదాహరణ ఉంది. 2000 మార్చి 24న అరగొండ గ్రామంలో అపోలోవారి టెలిమెడిసిన్ కేంద్రాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లె రోగి, పట్నం డాక్టరు ఉపగ్రహం మీదుగా మాట్లాడుకోవడం అప్పట్లో అబ్బురం. ఆ ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి రావడానికే పావు సెకను. ప్రశ్నకు జవాబు తిరిగొచ్చేసరికి అర సెకను. కాంతి వేగాన్ని మించి ఏ ఇంజనీరూ దాన్ని తగ్గించలేడు. ఇప్పుడు ఫైబర్ వచ్చాక దూరం వల్ల అయ్యే ఆలస్యం బాగా తగ్గింది. యాప్‌లు మాటను ముక్కలు చేసి, సర్ది, అతికించే పనిలో మిగతా ఆలస్యం పుడుతోంది. 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ తడబడుతుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది.

దీని దెబ్బ ముందు తగిలేది ‘ఊఁ’కు. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు కావాలి. బుర్రకథకుడికి వంతలు కావాలి. మాట్లాడే మనిషి ఎదుటివాడి ‘ఊఁ’, ‘ఔను’, ‘అట్నా’ విని, దాని మీద కాలు పెట్టి తర్వాతి మాటకు పోతాడు. ఆలస్యమైన ఊఁ అడ్డుపుల్లలా వచ్చి తగులుతుంది. ఇంతకన్నా అన్యాయం ఏమిటంటే, నోరు తెరవని చిన్న మూలుగులాంటి ఆ ఊఁను యాప్‌లోని చప్పుడు వడపోత చాలాసార్లు ఫ్యాను మోతతో కలిపి ఊడ్చేస్తుంది. కువైట్‌లో ఆయన ఊఁ కొడుతూనే ఉంటాడు, గదికి మాత్రం నిశ్శబ్దమే చేరుతుంది. ‘ఈయనకు ఆసక్తి లేదు’ అనుకుంటారు. గది ప్రశాంతంగా ఉంటే ఆ వడపోతను సెట్టింగుల్లో తగ్గించండి. ఊఁలు తిరిగొస్తాయి.

చివర్లో జనగణమన పాడేటప్పుడు మాత్రం ఫోన్లలోనివాళ్ళ మైకులు ఆపాల్సిందే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చింది, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసింది మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలోనే. కలిసి పాడాలంటే ఆలస్యం ముప్ఫై మిల్లీసెకన్ల లోపుండాలి. మన లైన్ల మీద అది సాధ్యం కాదు. మూడు ఊళ్ళవాళ్ళూ ఎవరి గదిలో వాళ్ళు నిలబడి పాడుకోవచ్చు, స్పీకరు ఒక్కటే మూగగా ఉండాలి.

నెట్ సన్నగిల్లినప్పుడు ఏం వదులుకోవాలి? మాటకు సెకనుకు 30 కిలోబిట్లు చాలు. 2012లో ప్రమాణమైన ఓపస్ అనే పద్ధతి అంతలోనే మాటను చక్కగా మోస్తుంది. ఓ మోస్తరు వీడియోకు దానికి యాభై రెట్లు కావాలి. కాబట్టి గొంతు తెగుతోందంటే ముందు బొమ్మ ఆపండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రౌటరు ఆగిపోతుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టండి.

బొమ్మ సంగతి క్లుప్తంగానే చెప్తాను. కిటికీని కెమెరాకు వెనక ఉంచాలి, మనుషుల వెనక కాదు. లేకపోతే అందరూ నీడలే. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. కెమెరా సెట్టింగు 60లో ఉంటే తెర మీద చారలు పాకుతాయి, 50కి మార్చాలి. బ్లాక్‌బోర్డును వీడియోలో చూపించబోకండి. తలకట్లు, ఒత్తులు ముందు చెరిగిపోతాయి, ‘ప’కు ‘వ’కు తేడా ఉండదు. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మేలు. దూరాన ఉన్నవాళ్ళ ముఖాలు కనబడే తెరను కెమెరా పక్కనే, కూర్చున్న మనిషి తల ఎత్తులో పెట్టండి. అప్పుడు గదిలోనివాళ్ళు వాళ్ళ వైపు తిరిగి మాట్లాడతారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. ఆ తర్వాత మాలాంటి బళ్ళలో రాలేని తల్లిదండ్రుల సంగతి తరచు వస్తోంది. మా గది ఎప్పటికీ పిల్లలదే. దేన్నీ గోడకు బిగించలేం. ఉన్నదంతా ఒక సంచీలో పడుతుంది: రెండు మైకులు, ఒక స్పీకరు, వైర్లు, తువ్వాలు, తాడు. దుప్పట్లు హాస్టలు నుంచి తెచ్చుకుంటాం. స్పీకరు ఎక్కడుండాలో, కెమెరా స్టాండు మూడు కాళ్ళు ఎక్కడ ఆనాలో కడప బండల మీద సుద్దతో గుర్తులు గీశాం. ఊడ్చినప్పుడు చెరిగితే మళ్ళీ గీస్తాం.

మొదలుపెట్టే ముందు ఒక్క పరీక్ష చేస్తాం. పదో తరగతి పిల్ల ఒకతె చివరి బెంచీ దగ్గర నిలబడి, గొంతు పెంచకుండా, కాగితం మీద ఉన్న పది మాటలు చదువుతుంది: పోతాడు, పోతాడా, ఉందట, ఉందా, తిన్నారు, తిన్నారా, ఇలాంటివి. కుప్పంలో ఆమె విన్నది విన్నట్టు రాసి గ్రూపులో పెడుతుంది. మొదటిసారి పదింట నాలుగు తప్పు వచ్చాయి. మైకును మూరన్నర లోపలికి తెచ్చి, మైదానం వైపు కిటికీలు తెరిచాక ఒకటే తప్పింది. అది ‘ఉందట’. దాని కోసం ఇంకో దుప్పటి కట్టాం.